చవక తాళం

రొమ్ము ఆపరేషన్ అయిన ఆడవాళ్లకు లోదుస్తులు కుట్టడం అక్క పని. లోపల మెత్తటి అర కుట్టి, అందులో దూది దిండు అమర్చి, రెండు వైపులా ఒకేలా కనిపించేట్టు చేసేది. ఆ నోటా ఈ నోటా విని వచ్చేవారు. వచ్చినవాళ్లు కూర్చునే ముందు తలుపు గడియ పడిందో లేదో చూసుకునేవారు.

వాళ్ల కొలతలు, ఫోటోలు ఆన్‌లైన్‌లో అద్దెకు తీసుకున్న ఒక ఖాతాలో ఉండేవి. ఎవరి వివరాలు వాళ్లు తమ ఫోన్‌లో చూసుకోవచ్చు. ఆ అద్దె పెరిగింది.

"దీనిలో మూడో వంతుకే ఇంకొకటి దొరుకుతోందక్కా," అన్నాడు దుకాణం వ్యవహారాలు చూసే తమ్ముడు. "వివరాలు బయటికి పోకుండా వేసే తాళం రెండింటికీ ఒకటే. నేను చూశాగా."

"మరి అంత చవగ్గా ఎలా ఇస్తార్రా?"

"పక్కన ప్రకటనలు వేసుకుంటారు. మనకేం పోయింది?"

అక్క మనసు ఒప్పలేదు. కానీ మిషను మోటారు మార్చడానికి డబ్బు కూడబెడుతున్న రోజులవి. సరేనంది.

మూడో వారం మధ్యాహ్నం బ్యాంకు గుమాస్తా ఒకామె వచ్చి, కత్తిరింపు బల్ల మీద ఫోన్ పెట్టింది. తెరమీద ఆమె ఆర్డరు వివరాలు. పక్కనే 'కీమో తర్వాత జుట్టు రాలుతోందా?' అని రంగుల ప్రకటన.

"పక్క సీటామె తొంగిచూసి, ఎవరికి, నీకేనా అంది. హెర్నియా అని చెప్పి సెలవు పెట్టానండీ నేను. నా సంగతి అమ్ముకున్నారా?"

తమ్ముడు లోపలినుంచి వచ్చాడు. "మీ వివరాలు ఎక్కడికీ పోలేదండీ. పేజీలో మాటల్ని బట్టి ప్రకటన దానంతటదే వస్తుంది. మనుషులెవరూ చూడరు."

"ఎవరూ చూడకుండానే నా జుట్టు సంగతి దానికెలా తెలిసింది బాబూ?"

ఆమె అక్క వైపు తిరిగింది.

"నావి చెరిపేయండి. నా కళ్లముందే."

అక్క చెరిపింది. చెరిపినా ఆ కంపెనీ దగ్గర నెల రోజులు ఉంటాయని కూడా అక్కే చెప్పింది. గుమాస్తా కుట్టి ఉంచిన పొట్లం తీసుకోకుండానే వెళ్లిపోయింది.

ఆ వారంలోనే అన్నీ పాత ఖాతాకు మార్పించి, అక్క అందరికీ ఫోన్లు చేయడానికి కూర్చుంది.

"తెలియనివాళ్లకి చెప్పడమెందుకు? కొరివితో తల గోక్కోవడమే," అన్నాడు తమ్ముడు.

"వాళ్లంతట వాళ్లే తెలుసుకుంటే, అప్పుడేం చెప్తావురా?"

ఒక పెద్దావిడ నవ్వేసింది. "వీధి వీధంతా తెలుసమ్మా నా సంగతి, ఇంకెవరికి దాచాలి?" ఒకామె మాట వినకుండానే ఫోన్ పెట్టేసింది. పదకొండు మంది తమవి చెరిపేయమన్నారు. తమ్ముడు తలెత్తకుండా నంబర్లు చదివి ఇస్తూ పోయాడు. సాయంత్రానికి, "తప్పు నాదేనక్కా," అన్నాడు. అక్క కాదనలేదు. సరేనన్నది తానేగా అనుకుంది.

గుమాస్తా మూడు నెలలకు గానీ రాలేదు. వచ్చి, గడియ తనే వేసింది. కొలతలు తీస్తుంటే, "చీటీ మీదే రాయండి," అంది. గుడ్డ కత్తిరించేదాకా అక్కడే కూర్చుని, అయ్యాక చీటీ మడిచి సంచిలో వేసుకుంది.

"మళ్లీ వచ్చేటప్పుడు నేనే తెస్తాను."

అక్క ఆమెను గుమ్మందాకా సాగనంపింది.