బ్రిగేడ్ రాసిన ప్రోగ్రామ్

మా గని మార్చిలో మూసేశారు. ఏప్రిల్‌లో మమ్మల్ని అదే గని క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, ముందు కంప్యూటర్లు పెట్టారు. పాతికేళ్లు అదే హాల్లో బీన్స్ సూప్ తాగినవాళ్లం, దారి ఎవరూ చూపించాల్సిన పని లేకపోయింది. బొగ్గు తీసిన చేతులతో ప్రోగ్రాములు రాయిస్తామని రాజధాని బుకారెస్ట్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చి చెప్పాడు. ఫొటో దిగాడు. భోజనానికి కూడా ఆగకుండా వెళ్లిపోయాడు.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్లు. పాసైతే మా ఊళ్లోనే, నీళ్ల ఆఫీసులో ఒక కుర్చీ ఇస్తామన్నారు. ఫెయిలైనా, మధ్యలో మానేసినా ఉపాధి ఆఫీసు జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. ఇక మిగిలేది జర్మనీ బస్సు. అక్కడ పందుల కబేళాలో పని ఎప్పుడూ ఉంటుంది. ఒక చలికాలం వెళ్లొచ్చాను. ఇనప డబ్బా లాంటి గదిలో ఎనిమిది మందిమి. తిరిగొచ్చాక నా కుడిచేతి రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం మానేశాయి. ఇంకెప్పుడూ వెళ్లనని నా భార్య సవేటాకి చెప్పాను.

"నాతో చెప్తే ఏం లాభం? వెళ్లి చదువుకో," అంది.

చదువుకోవడం మొదలుపెట్టాను. ఊపిరాడలేదు. గనిలో ఆరు వందల మీటర్ల కింద ఒక్కరోజు కూడా అలా అనిపించలేదు. ఆ ప్లాస్టిక్ కుర్చీలో, కిటికీ పక్కనే కూర్చుని ఉక్కిరిబిక్కిరి అయ్యేవాణ్ణి. పాఠం చెప్పే అమ్మాయి పేరు ఒటీలియా, తిమిషోఆరా నుంచి వచ్చింది. మంచిపిల్లే. కాకపోతే ఆమెకీ పైనుంచి ఒక లెక్క ఇచ్చారు, ఆరు నెలల్లో ఇన్ని పాఠాలు అని. సోమవారం చెప్పింది అర్థమయ్యేలోపు మంగళవారం వచ్చేది. మూడు వందల పేజీల కాగితాలు చేతికిచ్చింది. ఇంటికెళ్లి వీడియోలు చూసేవాణ్ణి. ఒకడు ఇది ముందు నేర్చుకోమనేవాడు, ఇంకొకడు అది దండగ, ఇది నేర్చుకోమనేవాడు. ఒకటి మూయకుండా ఇంకోటి తెరిచేవాణ్ణి. వంటింట్లో సవేటా ఉల్లిపాయలు తరుగుతూ నా వైపు చూసి తల తిప్పుకునేది.

క్లాసులో మా బ్రిగేడ్, అంటే గనిలో కలిసి తవ్విన జట్టు వాళ్లం, ఐదుగురం. మా మేస్త్రీ గావ్రిల్, నోటికి తాళం లేని తిబేరియు, ముంత్యాను అన్నదమ్ములిద్దరూ, నేను. గావ్రిల్ ఒక్కడికే ఈ చదువు పట్టుబడింది. రాత్రిబడిలో పన్నెండో తరగతి దాకా చదివినవాడు. అతను రాసేవాడు, మేం నలుగురం చూసి రాసుకునేవాళ్లం. అందులో తప్పేమిటో మాకు తట్టనే లేదు. గనిలో బొగ్గు బ్రిగేడ్ పేరు మీదే పైకి వెళ్లేది. ఎవడు ఎంత తవ్వాడని ఎవడూ అడగలేదు. ఒకడికి జ్వరం వస్తే మిగతావాళ్లం లాగేవాళ్లం.

జూన్‌లో మొదటి పరీక్ష. కొట్టులో సరుకుల జాబితా ఇచ్చి, పదికంటే తక్కువ ఉన్నవి చూపించే ప్రోగ్రామ్ రాయమంది ఒటీలియా. మర్నాడు ఒటీలియా ఐదు కాగితాలు బల్లమీద పరిచింది.

"ఐదుగురి ప్రోగ్రాముల్లోనూ ఆఖరి సరుకు తప్పిపోయింది. ఐదుగురూ ఒక్క తప్పే చేశారా?"

గావ్రిల్ లేచి నిలబడ్డాడు. "బ్రిగేడ్ పని మేడం. ఇక్కడెవరూ ఒంటరిగా అప్పజెప్పరు."

"తప్పు కూడా సమానంగా పంచుకున్నాం," అన్నాడు తిబేరియు. క్లాసంతా నవ్వింది.

ఆమె నవ్వలేదు. "ఆఖరి పరీక్షకి ఒక్కొక్కరే లోపలికొస్తారు. తలుపేసి ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న," అంది. తిట్టినా బాగుండేది.

ఆ రోజు అందరూ వెళ్లాక నేను ఉండిపోయాను. పని మీద కాదు, లేవడానికి ఓపిక లేక. తెర మీద తప్పుందని చెప్పే ఎర్రక్షరాలు, అన్నీ ఇంగ్లీషు. నాకు ఒక్క ముక్క రాదు.

"అదంతా చదవకండి," అంది ఒటీలియా వెనకనుంచి. "ఆఖరి లైను ఒక్కటి చూడండి. దాని పైన నంబరుంది కదా, అదెంత?"

"నాలుగు."

"మీరు రాసిన నాలుగో లైనులో ఏముంది?"

ఏముందో నాకేం తెలుసు. అది గావ్రిల్ రాసింది. ఆ మాట అనలేక కంప్యూటర్ కట్టేశాను. ఆమెకి అర్థమైనట్టుంది, తాళాలు తీసుకుని వెళ్లిపోయింది.

ఇంటికి నడుస్తుంటే ఒళ్లు మండిపోయింది. ఇరవై ఆరేళ్లు గనిలో పనిచేసి, కొట్టి చూడకుండా ఏ కప్పు కిందా నిలబడలేదు నేను. మీటరు తవ్వుతాం. కప్పుకి ఊతగా దుంగ నిలబెడతాం. పలుగు పిడితో పైన కొట్టి వింటాం. గట్టిగా మోగితే ముందుకెళ్తాం, బోలుగా వినిపిస్తే ఆగుతాం. అలాంటివాణ్ణి ఇక్కడ ఇంకొకడు తవ్విన నలభై మీటర్ల సొరంగంలోకి దుంగ లేకుండా దూరిపోయి, ఊపిరాడలేదని ఏడుస్తున్నాను.

ఆ సాయంత్రమే వీడియోలన్నీ మూసేశాను. మూడు వందల పేజీల్లో మొదటి పదిహేను చించి, మిగతావి బీరువా మీద పెట్టాను. ఒక లైను రాసి నడిపించాను. నా పేరు తెర మీదికొచ్చింది. రెండో లైను రాసి మళ్లీ నడిపించాను. ఎర్రక్షరాలొస్తే నంబరు చూసి, ఆ లైను దగ్గరికెళ్లేవాణ్ణి, అంతే. ఎక్కువసార్లు ఒక కామానో, ఒక బ్రాకెట్టో. రోజుకి ముప్పావుగంట. గడియారం చూసి లేచిపోయేవాణ్ణి, అర్థమవుతున్నా సరే. బయట కట్టెలు కొట్టుకునేవాణ్ణి. చూడకుండా మళ్లీ రాయగలిగినవే నోటుబుక్కులోకి ఎక్కేవి. నెల తిరిగేసరికి నాలుగు పేజీలు నిండాయి. నాలుగు పేజీలంటే నవ్వొస్తుంది. అయినా అవి నావి.

గావ్రిల్‌కి మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. చెబితే అందరం కలిసి నేర్చుకుందాం అనేవాడు. కలిసి అంటే మళ్లీ అతను రాయడం, మేం చూడటం. క్లాసులో మామూలుగానే అతని కాగితం చూసి రాసుకుంటున్నట్టు నటించేవాణ్ణి. తిబేరియు ఒకసారి పట్టేశాడు.

"ఏరా ఫిలిమోనూ, మేస్త్రీ ఇంకా మూడో లైనులో ఉంటే నువ్వు ఐదోది రాస్తున్నావేంటి? దేవుడు కలలోకొచ్చాడా?"

"చెయ్యి జారింది," అన్నాను.

పరీక్ష రోజు క్యాంటీన్ బయట బెంచీ మీద కూర్చున్నాం. గావ్రిల్ ఏర్పాటు చేశాడు. ముందు వెళ్లినవాడు బయటికొచ్చి ప్రశ్న చెప్పాలి, గావ్రిల్ జవాబు రాసి, తర్వాత వెళ్లేవాడికి ఫోన్‌లో పంపిస్తాడు. ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న అని ఆమె చెప్పినా, పిల్లది బెదిరిస్తోందని అతని నమ్మకం. గనిలో కూడా ఇనస్పెక్టర్లు అలాగే అనేవాళ్లు. తను ఆఖరున వెళ్తానన్నాడు. మేస్త్రీ ఎప్పుడూ ఆఖరునే పైకి వస్తాడు, మనుషులందరూ వచ్చేశాక.

ముంత్యాను అన్నదమ్ములు ముందు ఒకరి తర్వాత ఒకరు వెళ్లారు. ప్రశ్నలు వేరువేరు. ఇద్దరూ తెల్లమొహాలతో వచ్చారు. తిబేరియు వెళ్లి పది నిమిషాల్లో వచ్చి, "కంప్యూటర్‌కి నేను నచ్చలేదు," అన్నాడు. తర్వాత నా పేరు పిలిచారు.

నాకొచ్చింది గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకెళ్లినవాళ్ల జాబితా. గడువు దాటినవాళ్ల పేర్లు మాత్రం చూపించాలి. క్యాంటీన్ వెనక చిన్న గది, తలుపేసుంది. జేబులో ఫోన్ వణికింది. గావ్రిల్ ఏదో పంపాడు, తిబేరియు ప్రశ్నకి జవాబు కాబోలు. తీయలేదు. ఒక పేరు రాసి నడిపించాను. తెర మీదికొచ్చింది. జాబితా రాసి నడిపించాను. ఎర్రక్షరాలు. ఆఖరి లైను, నంబరు రెండు. కామా. ఒటీలియా గడియారం వైపు చూసింది. ఫోన్ మళ్లీ వణికింది. తొమ్మిది లైన్లకు గంట పట్టింది. సరుకుల పరీక్షలో తప్పిపోయింది ఆఖరిదే కాబట్టి, ఆమె జాబితాలో ఆఖరి పేరు మీద వేలు పెట్టి, "ఇది గడువు దాటిందే కదా, వస్తుందా?" అని అడిగింది. నడిపించాను. వచ్చింది.

బయటికి రాగానే నలుగురూ నా మొహంలోకి చూశారు.

"ఏమైంది? నేను పంపింది చూశావా?" అన్నాడు గావ్రిల్.

"అయ్యింది," అన్నాను.

"అయ్యిందంటే? పాసా?"

తలూపాను. తిబేరియు ఈలవేశాడు. గావ్రిల్ నన్ను చూసి, ముంత్యాను వాళ్లని చూసి, తిబేరియుని చూసి, లోపలికి వెళ్లాడు. రెండు నిమిషాల్లో బయటికొచ్చేశాడు.

"అంత తొందరగానా మేస్త్రీ?" అన్నాను.

"ఒక్క లైను కూడా రాయకుండా లేచొచ్చాను."

"పిచ్చా మీకు? మా అందరికంటే మీకే బాగా వచ్చు!"

"వీళ్లు ముగ్గురూ బస్సెక్కుతారు. వీళ్లకి జర్మన్ రాదు, నాకు నాలుగు ముక్కలొచ్చు. అక్కడ ఎవడు మాట్లాడతాడు వీళ్ల తరఫున, నువ్వా?"

మూర్ఖుడు. ఆ మాట పైకే అన్నాను. అతను పట్టించుకోలేదు, సిగరెట్ వెలిగించాడు. నేను లోపలికి పరిగెత్తి ఒటీలియాని అడిగాను, ఆయనకి ఇంకొక్క అవకాశం ఇవ్వమని. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మూడుసార్లు అడిగాను. కీబోర్డు కూడా ముట్టుకోలేదు," అంది.

రెండు వారాల తర్వాత బస్సు మధ్యాహ్నం వచ్చింది, పాత సినిమాహాలు ముందుకి. సవేటా కట్టిచ్చిన జున్ను, పొగపెట్టిన పందికొవ్వు తీసుకెళ్లాను. తిబేరియు మూట వాసన చూసి, "పందుల దగ్గరికి పందినే పంపిస్తున్నావా, దొరగారూ?" అన్నాడు. ముంత్యాను వాళ్లు చేతులు కలిపారు. గావ్రిల్ సంచి బస్సు కిందకి తోసి, చేతులు దులుపుకుని నా దగ్గరికొచ్చాడు.

"నువ్వు పాసయ్యావని నాకు కోపం లేదు, ఫిలిమోన్."

"తెలుసు మేస్త్రీ."

"నీకేం తెలియదు. మూడు నెలలు నా పక్కన కూర్చుని, నా కాగితం చూస్తున్నట్టు నటించావు. ఎలా నేర్చుకున్నావో ఒక్కరోజు చెప్పుంటే, వీళ్లు కూడా నేర్చుకునేవాళ్లేమో."

నేర్చుకునేవాళ్లు కాదేమో కూడా. తిబేరియు ఎన్నడూ ముప్పావుగంట కదలకుండా కూర్చోలేదు. కానీ అడిగి చూడలేదు నేను. డ్రైవర్ హారన్ కొట్టాడు, అతను ఎక్కేశాడు.

ఇంటికొచ్చేసరికి సవేటా బల్లమీద నా కొత్త చొక్కా ఇస్త్రీ చేస్తోంది. సోమవారం నీళ్ల ఆఫీసులో చేరాలి.

"వెళ్లారా?"

"ఆ."

"నీకు కావాల్సింది దొరికింది కదా. ఇంకా ఆ మొహమేంటి?"

తొడుక్కుని చూస్తే కాలర్ మరీ బిగుతుగా ఉంది, పై బటన్ విప్పుకుంటానన్నాను. విప్పితే బాగుండదు, అలాగే వెళ్లు అంది.