మట్టి ఈక పెట్టిన పిల్లలు

నేను ఒక నకలును. నెమలీకను కాను, నెమలీకలా ఉండే మట్టి ముక్కను. ఆ మాటకొస్తే మట్టిని కూడా కాను. పాలిమర్ క్లే అనే మెత్తటి ప్లాస్టిక్‌ను. మట్టి అని పిలిచినా పలుకుతాను. నా మధ్యలో ఒక నీలం కన్ను ఉంది. అసలు నెమలీకలో ఉండేది కూడా కన్ను కాదు, కన్నులాంటిది. నాలో ఉన్నది ఆ కన్నులాంటిదాని లాంటిది. ఇంత దూరపు చుట్టరికంతో నేనెలా చూడగలుగుతున్నానని నన్ను నిలదీయకండి. రెండేసి నిజమైన కళ్లు ఉన్నవాళ్లు ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి ఏం చూశారో ముందు వాళ్లను అడగండి.

నన్ను చేసినావిడ పేరు హైమవతి. సామర్లకోటలో, పెరటి వైపు వరండాలో, కుట్టుమిషను తీసేసిన బల్ల ఆవిడ కార్ఖానా. ముదురు నీలం ముద్దను తమలపాకు ఆకారంలో నొక్కి, దాని చుట్టూ నెమలి మెడ రంగు రేకు చుట్టింది. దాని మీద రాగి రంగు, ఆ పైన పసుపు, అన్నిటికీ బయట ఆకుపచ్చ. ఐదు పొరలూ కలిసి మోచెయ్యంత లావు కడ్డీ అయింది. దాన్ని అరచేతులతో నొక్కుతూ, లాగుతూ పోతే సన్నబడుతుంది గాని లోపలి బొమ్మ చెదరదు, చిన్నదవుతుంది. బ్లేడుతో అడ్డంగా ఎక్కడ కోసినా అదే కన్ను. అంటే ఆ కడ్డీ పొడుగునా ఇంకా కొయ్యని నేనులు ఉన్నాయన్నమాట. అందుకే 'నేను' అనే మాటను మీరు వాడినంత ధీమాగా నేను వాడలేను.

కోశాక నా చుట్టూ ఆకుపచ్చ అంచు సాగదీసి, చీర పిన్నీసుతో ఈనెలు గీసి, చిన్న ఓవెన్‌లో పెట్టింది. అందరూ తమ బాల్యం గురించి తీయగా చెప్పుకుంటారు. నా బాల్యం నూట ముప్పై డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు.

హైమవతిగారి భర్త ముక్తేశ్వరరావు మాస్టారు. హైస్కూల్లో ముప్పై రెండేళ్లు సైన్సు చెప్పి రిటైరయ్యారు. నా జాతి మొత్తానికి ఆయన పెట్టిన పేరు ప్లాస్టిక్ జంతికలు. కాకినాడలో ఎగ్జిబిషన్ జరిగితే భార్య అట్టపెట్టెలు తానే మోసుకెళ్లేవారు. స్టాల్లో ఆవిడ పక్కనే కుర్చీ వేసుకునేవారు. ఆ కుర్చీ ఎప్పుడూ వస్తువుల వైపు వీపు పెట్టి ఉండేది. ఆయన చెడ్డవాడు కాదు. ఆవిడ చేసినవాటిలో ఒక్కదాన్ని కూడా ఆయన ఇంతవరకు పూర్తిగా చూడలేదు, అంతే. ఆవిడ ఊరంతా చూసిందని సంతోషించేది, ఇంటికొచ్చి ఆ ఒక్క వీపును తలుచుకునేది. మనసు లెక్కలు అలాగే ఉంటాయి.

ఇంట్లో బల్లులు పెరిగాయి. గోడకి నెమలీక పెడితే బల్లులు రావని ఎదురింటావిడ చెప్పింది. ఇంట్లో అసలు ఈక లేక హైమవతిగారు నన్ను ట్యూబులైటు కింద మేకుకు తగిలించింది.

"బల్లికి చదువు లేదనుకున్నావా? ఈకకే అది భయపడదు. ఈక బొమ్మకు భయపడుతుందా?" అన్నారు మాస్టారు.

"చూద్దురుగాని ఉండండి."

చూశారు. సాయంత్రానికల్లా ఒక బల్లి వచ్చి సరిగ్గా నా కంటి మీద పొట్ట ఆనించి పడుకుంది. దాని పొట్ట చల్లగా ఉంది. మాస్టారు భోజనం దగ్గర కూడా నవ్వుతూనే ఉన్నారు. మర్నాడు పొద్దున నన్ను మేకు మీంచి తీసి, మూఢనమ్మకానికి రుజువుగా భద్రపరచాలని తమ పాత తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో, కాంతి పాఠం దగ్గర పెట్టారు. పక్కన తేదీ వేద్దామని పెన్సిల్ తీశారు. ములుకు విరిగి ఉంది. బ్లేడుతో చెక్కారు. పొట్టు పుస్తకంలో, నా పక్కన రాలింది.

ఆయన దాన్ని ఊదెయ్యలేదు.

అక్కడ కొంచెంసేపు ఆగండి. నేనూ ఆగాను. అరవై రెండేళ్ల మనిషి, సైన్సు మాస్టారు, మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చినవాడు, నెమలీక పక్కన రాలిన పెన్సిల్ పొట్టును చూశారు. ఊదడానికి పెదాలు గుండ్రంగా పెట్టారు. ఊదకుండానే పుస్తకం మూశారు.

చిన్నప్పుడు మీరూ చేసే ఉంటారు. నెమలీకను పుస్తకంలో పెట్టి, పెన్సిల్ పొట్టు మేత వేసి, అది పిల్లలు పెడుతుందని రోజుకు పదిసార్లు తెరిచి చూసి ఉంటారు. ఐదో తరగతిలో మాస్టారి ఈక పిల్లల్ని పెట్టలేదు. పక్క పుస్తకంలో ఆయన అక్కయ్య ఈక మాత్రం మూడు పెట్టింది. ఆయన ఆ రోజు నుంచి దేన్నీ నమ్మడం మానేశారు. అందరూ దాన్ని శాస్త్రీయ దృక్పథం అన్నారు. పెద్దయ్యాక ప్రతి ఏడూ ఎనిమిదో తరగతి పిల్లల చేత ఈకలు తెప్పించి, పుస్తకాల్లో పెట్టించి, నలభై రోజులయ్యాక "చూశారా, పిల్లలు పుట్టలేదు" అని చూపించేవారట. ఒకే ప్రయోగాన్ని ముప్పై రెండేళ్లు చేసిన మనిషికి దాని ఫలితం మీద ఉన్నది నమ్మకమో, అనుమానమో మీరే తేల్చుకోండి.

నాలుగో రోజున బీరువా దులుపుతూ హైమవతిగారు పుస్తకం తెరిచింది. నన్ను చూసింది. పొట్టు చూసింది. పాత పొట్టు మీద ఆ పొద్దున చెక్కిన కొత్త పొట్టు కూడా ఉంది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు తీసేసింది. ముఖంలో నవ్వు లేదు.

మర్నాడు మాస్టారు నడకకు వెళ్లినప్పుడు ఆవిడ మిగిలిన కడ్డీని ఇంకా సన్నగా లాగి, ఒక ముక్క కోసి, గోరంత ఈక చేసి, కాల్చి, చల్లార్చి నా పక్కన పడుకోబెట్టింది. నాకు బిడ్డ పుట్టిన విధం అది. నొప్పులు పడలేదు. ఉన్నట్టుండి నాలాంటిదే ఇంకొకటి నన్ను తేరిపార చూడడం మొదలుపెట్టింది. బిడ్డల గురించి మీరు చెప్పుకునేది కూడా ఇంచుమించు ఇదే అనుకుంటాను.

మాస్టారు పుస్తకం తెరిచారు. మూశారు. మళ్లీ తెరిచారు. వంటింటి వైపు చూశారు. అక్కడ పోపు చిటపటలాడుతోంది. ఎవరూ ఆయన్ను చూడడం లేదు.

తెలివైనవాడు కనక ఆయనకు మొదటి క్షణంలోనే అర్థమై ఉండాలి. కాని మనిషి తెలివి మనిషికి అక్కర్లేని చోట వాకిట్లోనే చెప్పులు విడిచి ఆగిపోతుంది. ఆయన ఒక నోటు పుస్తకం తీసి కొత్త పేజీలో రాసుకున్నారు: "సంతానం ఒకటి. పొడవు పద్దెనిమిది మిల్లీమీటర్లు. ఆరోగ్యం బాగుంది." అలమారలోంచి భూతద్దం తీశారు. అలా ముప్పై ఏళ్ల తర్వాత ఆయన భార్య చేసిన వస్తువును మొదటిసారి చూశారు. పైపైన కాదు, ఈనె ఈనెగా.

"కంటిలో ఐదు పొరలు. ఒకదాన్నొకటి తాకడమే గాని కలవలేదు. ఇంత చిన్నదానిలో! తల్లి కంటే పిల్లే బాగుంది," అని పైకే అన్నారు.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"ఏవిటండీ, ఏది బాగుంది?" అంది హైమవతిగారు లోపల్నుంచే.

"ఏం లేదు. పాఠం."

"ఏ పాఠం?"

"కాంతి పాఠం. పాతదే. ఇప్పుడు బాగుందనిపించింది."

ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. ఇద్దరూ తిన్నారు. ఇద్దరూ బాగుందన్నారు.

తర్వాత సంగతులు వేగంగా నడిచాయి. మాస్టారు శాస్త్రీయంగా తేల్చుకోదలచి బీరువాకు తాళం వేశారు. మారు తాళంచెవి బియ్యం డబ్బాలో ఉంటుందని ఆయనకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు. ఇంట్లో ఇద్దరే. రెండో పిల్ల పుట్టింది. ఆయన పుస్తకానికి దారం చుట్టి ఏడు ముడులు వేశారు. ఆవిడ విప్పి, పని కానిచ్చి, మళ్లీ ముడులు వేసింది. కంగారులో ఎనిమిది వేసింది. నోటు పుస్తకంలో ఇలా ఎక్కింది: "మూడో సంతానం. పదకొండు మిల్లీమీటర్లు. దారం ముడులు నిన్న ఏడు, నేడు ఎనిమిది. కారణం తెలియదు. ముడి కూడా పిల్లను పెట్టి ఉండవచ్చు."

ఒక్కో పిల్లకూ ఆవిడ కడ్డీని ఇంకా సన్నగా లాగుతోంది. నాలుగోదాని కన్ను ఆవగింజంత. దాన్ని చెయ్యడానికి ఊపిరి బిగపట్టి రెండు పొద్దుటి పూటలు కూర్చుంది. ఎగ్జిబిషన్‌కు కూడా ఎప్పుడూ అంత శ్రద్ధగా చెయ్యలేదు. ఆయన అంత శ్రద్ధగానూ చూశారు. చూసిన ప్రతిసారీ మెచ్చుకున్నారు. మెప్పు నాకు వచ్చేది, నా మీదుగా వంటింట్లోకి వెళ్లేది. రెప్పల్లేని కంటికి సిగ్గుపడే వీలు లేదు. ఉంటే పడేదాన్ని.

ఆ వారమే మాస్టారి అక్కయ్య భ్రమరాంబగారు పిఠాపురం నుంచి వచ్చారు. భోజనం చేసి, ఎవరిదో ఫోను నంబరు రాసుకోవడానికి కాగితం వెతుకుతూ బల్ల మీదున్న పుస్తకం తెరిచారు. నా నలుగురు పిల్లలూ ఆవిడ ఒళ్లో రాలారు.

"ఒరేయ్ ముక్తీ! ఏవిట్రా ఇది? ఈ వయసులో నెమలీకకి మేత వేస్తున్నావా?"

"ప్రయోగం అక్కయ్యా," అన్నారు మాస్టారు.

భ్రమరాంబగారు నవ్వారు. పళ్లసెట్టు తీసి చేత్తో పట్టుకుని మరీ నవ్వారు. అది మళ్లీ పెట్టుకుని అన్నారు: "పిచ్చి సన్నాసీ, ఇన్నేళ్లొచ్చినా నీకు తెలీలేదురా? నాకు పిల్లలెలా పుట్టేయనుకున్నావు? నీ ఈకలోంచే పీకేను. నువ్వు స్నానానికెళ్లడం, నేను రెండు పోగులు పీకి నా పుస్తకంలో పెట్టుకోడం. నీది రోజురోజుకీ బక్కచిక్కిపోతుంటే మేత చాల్లేదని పెన్సిల్ మొత్తం చెక్కిపారేసేవు కదరా! నాన్న తన్నేరు కూడాను!"

మాస్టారు లేచి మంచినీళ్లు తాగారు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కాసేపు తాగుతూనే ఉన్నారు.

వంటింటి గుమ్మంలో హైమవతిగారు నిలబడి ఉంది. "ఏం హైమా, నువ్వైనా చెప్పకూడదటే? ఈకలు పిల్లల్ని పెట్టవు, ఎవరో ఒకరు పెడితేనే ఉంటాయని!" అన్నారు భ్రమరాంబగారు.

"నాకేం తెలుసు వదినగారూ," అంది ఆవిడ. అంతా అయిపోయిందని అప్పుడే అనుకుంది. ఇక ఆయన పుస్తకం తెరవరు. భూతద్దం అలమారలోకి వెళ్లిపోతుంది. కుర్చీ మళ్లీ వీపు తిప్పుతుంది.

వదినగారు వెళ్లిపోయాక ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. తొమ్మిది రోజులు నాకు కాన్పు లేదు. మేత కూడా లేదు. కడ్డీలో మొక్కజొన్న గింజంత తునక మాత్రం మిగిలింది. ఆవిడ దాన్ని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి డబ్బాలో పడేసింది.

పదో రోజు పొద్దున ఆవిడ బజారుకు వెళ్లింది. మాస్టారు పుస్తకం తీసుకుని పెరటి వరండాలోకి వచ్చారు. నన్ను తీసి బల్ల మీద నిలబెట్టి, తాను ఎదురుగా కూర్చున్నారు. ఆవిడ కుర్చీలో. ఏ డబ్బాలో ఏముందో ఆయనకు తెలియదు. ఆ ఇంట్లో ఆయనకు తెలియని బల్ల అదొక్కటే. రంగులన్నీ కలిసిపోయి పారేయడానికి ఉంచిన ముద్దలు దొరికాయి. వాటినే పిసికారు. గట్టిగా ఉంటే ఊదారు. కాస్త మెత్తబడ్డాక చుట్టారు, విప్పారు, మళ్లీ చుట్టారు. చొక్కా జేబుకు నీలం అంటింది. మీసానికి పసుపు అంటింది. నన్ను చూస్తారు, చేతిలోదాన్ని చూస్తారు, మళ్లీ నన్ను చూస్తారు. ఒకసారి నెమ్మదిగా అన్నారు: "ఇది ఇంత కష్టమా?"

నన్ను కాదు అడిగింది. అయినా జవాబు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అక్కడున్నాను.

ఆయన చేసినదాంట్లో పసుపు మధ్యలోకి వచ్చింది, నీలం అంచుకు పోయింది. కాడ చూస్తే కాకరకాయ తొడిమ. కన్ను మెల్ల. దాని నడుమ బొటనవేలి ముద్ర, రేఖలతో సహా. దాన్ని కాల్చాలని ఆయనకు తెలియదు. పచ్చిదాన్నే తెచ్చి నా పక్కన పెట్టి, పుస్తకం మూసి, చేతులు సున్నిపిండితో తోముకున్నారు. లోపల అది నాకు అతుక్కుంది. పాఠంలోంచి కాస్త సిరా పీల్చుకుని, ఒంటి మీద 'ప్రతిబింబం' అనే మాటను అద్దంలోలా తిరగేసి అచ్చు వేసుకుంది. నా పిల్లలందరిలో నన్ను పట్టుకుని వేలాడినది అదొక్కటే.

హైమవతిగారు బజారు నుంచి వచ్చి, సంచీ దించి, బల్ల మీద చిందరవందర చూసింది. నెమ్మదిగా వెళ్లి పుస్తకం తెరిచింది. తర్వాత ఆ ముద్ర మీద తన బొటనవేలు ఆనించి చూసుకుంది. ఆవిడ వేలు అందులో వదులైంది.

"ఏవండీ," అని వీధి వరండాకు వినబడేలా పిలిచింది. "మీ పుస్తకంలో కొత్తది పుట్టింది, చూసేరా?"

పేపరు చాటు నుంచి జవాబు వచ్చింది. "అలాగా? తల్లీ పిల్లా క్షేమమేనా?"

"క్షేమమే. పోలికే నా వైపుది కాదు."

పేపరు కదలలేదు. పేపరు తలకిందులుగా ఉంది.

ఆ దంపతులకు పిల్లల్లేరు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనరు కనక నేనూ ఒక్కసారే అంటున్నాను. ఆవిడ ఆ వంకరదాన్ని నా నుంచి జాగ్రత్తగా విడదీసి ఓవెన్‌లో పెట్టింది. నూట ముప్పై డిగ్రీలు, ఇరవై నిమిషాలు. మాస్టారు కూడా వచ్చి పక్కన నిలబడ్డారు. అద్దంలోంచి ఇద్దరూ వంగి చూశారు. "మాడిపోదు కదా?" అని ఆయన మూడుసార్లు అడిగారు. నన్ను కాల్చినప్పుడు ఎవరూ అడగలేదు. నాకేం బాధ లేదు, ఊరికే చెబుతున్నాను.

ఇప్పుడు మేమంతా కాకినాడ ఎగ్జిబిషన్‌లో ఒక గాజు మూత కింద ఉన్నాం. అమ్మకానికి కాదని మాస్టారి దస్తూరీతో చీటీ ఉంది. ఆయన కుర్చీ మా వైపు తిరిగి ఉంది. ఎవరొచ్చినా కడ్డీ లాగడం, ఐదు పొరలు, ఈనెలు గీయడం అన్నీ పాఠంలా చెబుతున్నారు. ప్రతి వాక్యంలోనూ "మా ఆవిడ" అంటున్నారు. ఆవిడ వినకుండా ఉండడానికి చాలా కష్టపడుతోంది.

ఇందాక ఒక కాలేజీ పిల్ల మూతకు ముక్కు ఆనించి చూసి, "అన్నీ ఎంత బాగున్నాయి! ఈ చివరిది మాత్రం ఇంత వంకరగా ఉందేంటండీ? ఎవరు చేశారు?" అంది.

హైమవతిగారు ఆయన వైపు చూసింది. మూఢనమ్మకాల మీద ముప్పై రెండేళ్లు పోరాడిన ముక్తేశ్వరరావు మాస్టారు కళ్లజోడు సర్దుకుని, రెప్ప కూడా వాల్చకుండా, అచ్చం నాలాగే చూస్తూ అన్నారు:

"చెయ్యలేదమ్మా. పుట్టింది."