లావోషీకి తెలుగు రాదు

మా బడిలో చైనీస్ గదికి ఒక నియమం ఉంది. గడప దాటాక టీచరు నోట తెలుగు రాకూడదు. ఐదేళ్ల పిల్లలు అవసరం పడితేనే కొత్త మాట పట్టుకుంటారని మా ప్రిన్సిపాల్ నమ్మకం. చెప్పినట్టు చేసే మనిషిని నేను. కాబట్టి పిల్లలకు నేను తెలుగు రాని లావోషీని, అంటే పంతులమ్మను.

"పాపంరా, లావోషీకి 'నీళ్లు' అనడం కూడా రాదు" అని వాళ్లు నా మీద జాలిపడుతుంటే, నవ్వు ఆపుకోలేక బోర్డు వైపు తిరిగేదాన్ని.

గువ్వ అని అందరూ ముద్దుగా పిలిచే పాప మాత్రం నోరు విప్పేది కాదు. ఎర్ర కార్డు తెమ్మంటే ఎర్రదే తెచ్చేది. పలకమంటే పెదవులు బిగించేది. "శుక్రవారానికి కూడా ఒక్క ముక్క రాకపోతే మాన్పించేస్తామండీ" అని వాళ్లమ్మ ఆఫీసు గదిలో నాతో ఖరాఖండిగా చెప్పింది.

శుక్రవారం మిగతా పిల్లలందరూ వెళ్లాక గువ్వ నాతోపాటు కార్డులు సర్దుతూ, ఉన్నట్టుండి తెలుగులో మొదలుపెట్టింది.

"నీకెలాగూ అర్థం కాదుగా, అందుకే చెప్తున్నా. నాకన్నీ వచ్చు. ఇంట్లో చెప్తే అన్నయ్య పడీపడీ నవ్వుతాడు. చుట్టాలొస్తే మళ్లీ చెప్పమంటారు, వాళ్లూ నవ్వుతారు. ముద్దొస్తున్నానట. అమ్మేమో నన్ను మాన్పించేస్తుందట. నాకిక్కడే బాగుంటుంది."

ఒక్క తెలుగు మాటతో ఓదార్చేయొచ్చు. కానీ ఆ మాటతోనే, పిల్ల మనసు విప్పుకున్న ఒక్క చోటూ పోతుంది. తనకు తెలిసిన చైనీస్ మాటల్లోనే వెతుక్కుని, "నేను వింటున్నాను" అన్నాను.

ఇంతలో వాళ్లమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఏంటండీ టీచర్, నోరు విప్పిందా లేదా?"

జవాబిస్తే పిల్లకు దొరికిపోతాను. ఇవ్వకపోతే పిల్లే ఇక రాదు.

"అమ్మా, లావోషీకి తెలుగు రాదు! ఉండు, నేను అడుగుతా."

"రాకపోవడమేంటే, మొన్న నాతో..." అనబోయిన ఆమెకు గువ్వ తల మీదుగా కళ్లతోనే దణ్ణం పెట్టాను. ఆగింది.

గువ్వ నా వైపు తిరిగి చైనీస్‌లో అడిగింది. "లావోషీ, అమ్మ అడుగుతోంది. నేను మాట్లాడతానా?" ఒకచోట పైకి లేవాల్సిన గొంతు కిందికి దిగింది గానీ, మాటలన్నీ ఉన్నాయి.

"అబ్బో, నా బంగారం!" అని వాళ్లమ్మ పకపకా నవ్వేసింది. గువ్వ పెదవులు మళ్లీ బిగుసుకున్నాయి.

"మాట్లాడుతుంది. బాగా మాట్లాడుతుంది" అన్నాను, నేనూ చైనీస్‌లోనే.

"ఏమంటోందే?"

గువ్వ వాళ్లమ్మ వైపు తిరిగింది. "ఏమంటోందంటే... ఇంట్లో నన్నెవరూ చెప్పమని అడగకూడదట. నేనే చెప్తే నవ్వకూడదట. అన్నయ్యయితే అసలు ఆ గదిలోనే ఉండకూడదట."

నేను అన్నది అది కాదు. కాదని ఎలా అంటాను? తెలుగు రానిదాన్ని కదా. గంభీరంగా తల ఊపాను.

వాళ్లమ్మ మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. నా వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. పిల్లల కుర్చీ ఒకటి లాక్కుని, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది.

"ఇంకా ఏమంటోందో అడగమ్మా" అంది.