మందులు ముట్టని నీలకంఠం

స్టీల్‌ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన నీలకంఠం, జన్మలో మందుబిళ్ల ముట్టలేదని గొప్పలు చెప్పుకునేవాడు. కిడ్నీలు సగం పాడయ్యాయని డాక్టరమ్మ చెప్పగానే, రిపోర్టులు తారుమారయ్యాయనుకున్నాడు.

"ఏం మందులు వాడుతున్నారు?" అందావిడ.

"నానేటీ వాడనమ్మా."

భార్య పైడితల్లి సంచిలోంచి కాల్షియం పొడి డబ్బా తీసింది. "తొమ్మిదేళ్లుగా పూటకి మూడు స్పూన్లు తినేత్తన్నాడమ్మా."

"అది మందు కాదే, బలం!"

ఆ బలమే కిడ్నీల్లో పేరుకుందని చెప్పి డాక్టరమ్మ మాన్పించింది.

మర్నాడు గాజువాక పార్కులో నడకకొచ్చిన స్నేహితులకి, ఎవరూ అది తినొద్దని సిగ్గు విడిచి చెప్పాడు. అందరూ అయ్యో అన్నారు. సన్యాసిరావు మాత్రం పక్కకి పిలిచాడు.

"బావా, అది తింటే నీ మోకాళ్ల నొప్పులు తగ్గినాయా?"

"తగ్గినాయి."

"అయితే పొడి పేరు సెప్పు."

కోపం రావలసిందే గానీ, తనని సలహా అడిగాడన్న ముచ్చటతో నీలకంఠం పేరు చెప్పేశాడు.