నడిసముద్రంలో తెలుగు అక్షరాలు

ఇంజను ఆగిపోయినప్పుడు శాలేమురాజు అన్నం వారుస్తున్నాడు. నిజాంపట్నం రేవు వదిలిన దగ్గర్నుంచీ చెవుల్లో హోరుమంటున్న చప్పుడు ఉన్నట్టుండి తెగిపోయింది. బోటు మీద మిగతావాళ్ళు ఏంటా అని తలలు తిప్పారంతే. అతను మాత్రం గిన్నె దించి బోటు అంచు గట్టిగా పట్టుకున్నాడు.

అతను సముద్రం మనిషి కాడు. పెనుమూడిలో పుట్టి, వరికోతలకూ నూర్పిళ్ళకూ పోయి బతికినవాడు. కోత మిషన్లు వచ్చి కూలిపనుల్ని ఊడ్చుకుపోయాక, బంధువొకడు చెబితే బోటు మీద వంటకు కుదిరాడు. కృష్ణ ఒడ్డున పుట్టినా ఈత రాదు. ఆ సంగతి భార్య కృపమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

బోటు నడిపే సరంగు చిన్నయ్య కింద ఇంజను దగ్గరకు వెళ్ళి చూసొచ్చాడు. వలతాడు నీళ్ళలో తిరిగే పంకాకు చుట్టుకుని గేరుబాక్సు పగిలిపోయింది. దాన్ని విడిపించబోయి కుడిచెయ్యి నలగ్గొట్టుకున్నాడు. వైర్‌లెస్‌లో కేకలేశాడు. గరగరమని శబ్దం తప్ప జవాబు లేదు. లంగరు వేస్తే నేలకందలేదు. ఫోన్లలో సిగ్నలు ఎప్పుడో పోయింది.

"పడమటి గాలి," అన్నాడు చివరికి.

అంతకుమించి చెప్పనక్కర్లేదు. ఆ గాలి బోటును ఒడ్డుకు చేర్చదు. లోపలికి, ఇంకా లోపలికి తోసుకుపోతుంది.

రాత్రంతా అలాగే కొట్టుకుపోయారు. తెల్లవారాక గాలి ఇంకా ముదిరింది. అలలు బోటును పైకెత్తి, ఒక్క క్షణం ఆపి, పాతాళంలోకి వదిలేస్తున్నాయి. వదిలేసిన ప్రతిసారీ శాలేమురాజు కళ్ళు మూసుకుని "ప్రభువా" అనుకున్నాడు. ఆ తర్వాతి మాట నోటికి రాలేదు.

అలా కళ్ళు మూసుకున్నప్పుడే అతనికి కేబిన్ కప్పు మీదున్న తెల్లపెట్టె గుర్తొచ్చింది. వేట మొదలయ్యే ముందు బాపట్ల నుంచి మత్స్యశాఖ వాళ్ళు రేవుకొచ్చి దాని సంగతి చెప్పారు. సిగ్నలు లేకపోయినా ఫోన్లో ఆపద గుర్తు నొక్కితే ఆ పెట్టె కబురును ఆకాశంలో ఉన్న ఉపగ్రహానికి పంపిస్తుంది. అక్కణ్ణుంచి అది మళ్ళీ ఒడ్డుకు చేరుతుంది. మిగతావాళ్ళు బీడీలు కాల్చుకుంటూ కబుర్లలో పడ్డారు. శాలేమురాజు ముందు కూర్చుని ఒక్క మాట పొల్లుపోకుండా విన్నాడు. భయపడేవాడే కదా శ్రద్ధగా వినేది.

"మావా, ఆ పెట్టె..." అన్నాడు.

చిన్నయ్య ముఖం తిప్పుకున్నాడు. "దాని వైరు పీకేశాన్రా. ఎక్కడ వలేస్తున్నామో ఒడ్డునున్నోళ్ళకి చెప్పే కొండేలమారి అది. మనకెందుకనుకున్నా."

"మళ్ళీ తగిలిద్దాం మావా."

"తగిలిస్తే? ఆకాశంలోంచి ఎవడన్నా తాడేస్తాడా?" అని అరిచాడు గానీ, ఆ అరుపులో కోపం కన్నా బెదురే ఎక్కువగా వినిపించింది. కాసేపటికి తనే లేచి, ఎడమచేత్తో వైరు తెచ్చి బ్యాటరీకి తగిలించాడు. పెట్టె మీద దీపం వెలగలేదు.

కింద నుంచి చూస్తే కారణం తెలిసింది. పైన వైరు ఊడిపోయి గాలికి కొట్టుకుంటోంది. పెట్టె ఒక పక్కకు వాలిపోయింది. ఎవరో ఒకరు ఎక్కాలి. చిన్నయ్య చెయ్యి పనికిరాదు. చుక్కాని పట్టుకున్న జాన్ బాబు దాన్ని వదిలితే బోటు అడ్డం తిరుగుతుంది. మిగిలిన ఇద్దరూ లోపలికొస్తున్న నీళ్ళను బకెట్లతో తోడి పోస్తున్నారు.

"నేనెక్కుతా," అన్నాడు శాలేమురాజు. ఆ మాట అన్నది తనేనా అని అతనికే అనుమానం వచ్చింది.

నడుముకు తాడు కట్టారు. ఇనప మెట్లు ఉప్పునీటికి జారుతున్నాయి. సగం ఎక్కేసరికి బోటు ఒరిగింది. కింద చూస్తే బోటు చెక్క లేదు, నల్లగా నోరు తెరుచుకున్న నీళ్ళున్నాయి. మెట్టును రెండు చేతులతో కౌగిలించుకుని బిగుసుకుపోయాడు. ఎక్కలేడు, దిగలేడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"రాజూ! కిందికి చూడమాకు! పైకి చూడు, పైకి!" అని చిన్నయ్య అరిచాడు.

పైన చూడ్డానికి ఏముంది, మబ్బు తప్ప? అయినా చూశాడు. ఆ మబ్బుకు పైన ఎక్కడో ఒకటుంది, చెవి ఒగ్గి ఉందన్నారు. అదొక్కటే తలుచుకుంటూ పొట్ట మీద పాకి కప్పెక్కాడు. వైరు బిగించాడు. పెట్టెను నిటారుగా నిలబెట్టి, వలదారంతో చుట్టలు చుట్టి ముడులేశాడు. ఎర్రదీపం మిణుకుమంది. చాలాసేపు ఎర్రగానే ఉండి, ఆకుపచ్చగా మారింది. శాలేమురాజు దిగొచ్చి చెక్క మీద కూలబడ్డాడు. 

జాన్ బాబు చుక్కానిని ఒంటితో అదిమిపెట్టి తన ఫోన్లో ఇంజను ఆగిపోయిన గుర్తును నొక్కి, తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి శాలేమురాజు చేతికిచ్చాడు. అందరూ చూశారు. ఏమీ లేదు. ఒక అల వచ్చి వంటగిన్నెలన్నీ ఊడ్చుకుపోయింది. ఇంకా ఏమీ లేదు. నీళ్ళు తోడుతున్నవాళ్ళలో ఒకడు ఏడుపు మొదలుపెట్టాడు.

అప్పుడు ఫోను చేతిలో గొణిగింది.

శాలేమురాజు చదివింది అయిదో తరగతే. కూడబలుక్కుని చదివాడు. "మీ... సందేశం... అందింది. మీరు ఉన్న చోటు... తెలిసింది. సాయం... వస్తోంది. ధైర్యంగా ఉండండి."

చుట్టూ ఒక పక్షి కూడా లేని నీళ్ళలో, తెలుగులో, ఎవరో తమను 'ఉండండి' అన్నారు. చిన్నయ్య ఫోను లాక్కుని, అక్షరాల మీద వేలు పెట్టి చూశాడు.

"ఎంత పైనుండిద్దిరా అది?"

"చానా పైన మావా. భూమి ఎంత జోరున తిరుగుద్దో అదీ అంతే జోరున తిరుగుద్దంట. అందుకని మనకి ఒక్కచోటే నిలబడ్డట్టు ఉండిద్దంట."

"చుక్కలన్నీ నడుస్తయ్యి కదరా," అన్నాడు చిన్నయ్య నమ్మలేక. "ఇది నిలబడుద్దా? మన కోసం?"

ముప్పై ఏళ్ళుగా చుక్కల్ని చూసి దారి పట్టుకున్న మనిషి, పిల్లాడిలా నోరు తెరుచుకుని మబ్బుకేసి చూశాడు.

సాయం వెంటనే రాలేదు. భయమూ పోలేదు. ఎదురుచూపు తోడై ఇంకాస్త పెరిగింది కూడా. గంటగంటకూ తామున్న చోటు మారిపోతోంది, వాళ్ళకు తెలుస్తుందా? పొద్దు వాలుతుండగా, తమ రేవు బోటే ఒకటి అలల మధ్య తేలుతూ మునుగుతూ కనిపించింది. ఒడ్డు నుంచి కబురందుకుని వేట వదిలేసి వచ్చారట. తాడు విసిరారు. ఎడమచేత్తో దాన్ని అందుకున్నది చిన్నయ్యే.

తెనాలిలో చెల్లెలింట్లో ఉన్న కృపమ్మకు అధికారులు ముందే ఫోన్ చేశారు. బోటు చేరేసరికి రేవులో నిలబడి ఉంది. మొగుణ్ణి చూసి ఏడవలేదు, రెక్క పట్టుకుని మళ్ళీ వదల్లేదు.

"ఇంక సముద్రం వద్దు," అంది.

"చూద్దాంలే," అన్నాడు. "ముందు బాపట్ల పోవాలి. ఆ నాలుగు ముక్కలు రాసినోళ్ళని చూడాలి."

రేపల్లెలో బస్సెక్కి ఇద్దరూ వెళ్ళారు. మత్స్యశాఖ ఆఫీసులో ఆ కబురు రాసిన భవ్య అనే అమ్మాయి ఉంది, సుమారు పాతికేళ్ళది. దణ్ణం పెట్టబోతే కంగారుగా లేచి నిలబడింది.

"అయ్యో, వద్దు బాబాయ్. మీరు పెట్టె కట్టబట్టే కదా మాకు తెలిసింది. రండి, చూపిస్తా."

గోడకున్న తెర మీద నీలంగా సముద్రం, అంచున ఒడ్డు. నీలంలో అక్కడక్కడా ఆకుపచ్చ చుక్కలు. ఒక్కోటీ ఒక్కో బోటు అని చెప్పింది. కృపమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శాలేమురాజుకు ఆ చుక్కల్లో ఉడుకుతున్న అన్నం, ఉప్పుపట్టిన చొక్కాలు, ఇంజను హోరు కనిపించాయి.

"ఆ చివరిది కదలట్లేదేంటమ్మా?" అన్నాడు ఉన్నట్టుండి.

"వల లాగుతున్నారేమో బాబాయ్. ఆపద కబురేమీ రాలేదు."

"అయినా సరే. కాసేపు ఉంటామమ్మా."

ఆమె కుర్చీలు వేసింది. భార్యాభర్తలిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఎవరిదో తెలియని ఆ బోటునే చూస్తూ కూర్చున్నారు. టీ తెచ్చి ఇస్తే చల్లారిపోయింది. బయట ఆఖరి బస్సు వేళవుతోంది.

"కదిలింది!" అంది కృపమ్మ.