రెండు వందల పన్నెండో బంతి

మూడేళ్ళ పాటు బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్ల మోచేతుల మీదే పరిశోధన చేసింది చిజురు. ఒక్క రోజులో నూట ఇరవై బంతులు దాటాక, విసిరేటప్పుడు మోచెయ్యి ఉండాల్సిన ఎత్తు కంటే రెండు వేళ్ళ మందం కిందికి జారుతుంది. ఆపైన విసిరే ప్రతి బంతీ కీలును పట్టి ఉంచే స్నాయువును కొంచెం కొంచెంగా తెంపుతూ పోతుంది. ఇంత చిన్న సంగతి ఎవరిచేతనైనా ఒప్పించడం ఏపాటి పని అనుకుంది. చదువుకున్నవాళ్ళకుండే పిచ్చి నమ్మకం అది.

జపాన్‌లోని మియజాకిలో ఒక ఫ్యాక్టరీ జట్టుకు ఫిబ్రవరి శిక్షణ శిబిరమంటే ఒక్కో పిచర్‌కు రోజుకు రెండు వందల బంతులు. ఒళ్ళు అలిసిపోయాకే చెయ్యి నేర్చుకుంటుందని కోచ్ ఒగతా నమ్మకం. తనూ అలా విసిరినవాడే. పిచర్ మినోబెకు ఇరవై ఏడేళ్ళు. అతని మోచెయ్యి అప్పటికే జారుతోంది. దాన్ని కాపాడాలనే ఆమె వచ్చింది.

భోజనాల హాల్లో జట్టంతా కూర్చుని ఉండగా తెర మీద లెక్కలు చూపించింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఒగతా ఆడే రోజుల నాటి ఫొటో వేసి, ఆయన కుడి చెయ్యి ఇప్పుడు తిన్నగా చాపలేకపోవడానికి కారణమూ ఇదేనంది. ఎవరూ తలెత్తలేదు. ఒగతా లేచి వంగి నమస్కరించాడు.

"మాకు తెలియనివి చెప్పారమ్మా. చాలా సంతోషం."

ఆ మర్యాద చూసి గెలిచాననుకుంది చిజురు.

మర్నాడు పొద్దున మినోబె టోపీ తీసి కోచ్ ముందు నిలబడ్డాడు. "ఇవాళ మూడు వందల బంతులు విసురుతానండీ."

ఒగతా నోరు తెరిచి, చుట్టూ ఉన్న జట్టును చూసి ఆగిపోయాడు. "సరే, విసురు."

చిజురు పరుగున వెళ్ళింది. "నిన్న నేను చెప్పింది నీకు అర్థం కాలేదా?"

"అంతా అర్థమైందండీ. కానీ మా అందరి ముందు ఆయన చేతి లోపం ఎత్తిచూపారు. ఇవాళ నేను నూట ఇరవైకి ఆపితే, ఆయన బతుకంతా దండగని నేనూ అన్నట్టే కదా."

రెండు వందల పన్నెండో బంతి సగం దూరంలోనే పడింది. మినోబె మోచెయ్యి పట్టుకుని కూలబడ్డాడు.

ఆసుపత్రి వరండాలో ఒగతా ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. "నన్ను పక్కకి పిలిచి, టీ తాగుతూ చెప్పుంటే ఆపేసేవాణ్ణమ్మా," అన్నాడు మెల్లగా. "నేనే కనిపెట్టినట్టు చెప్పుకుని మరీ ఆపేసేవాణ్ణి."

తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు.

లోపల మినోబె ఎడం చేత్తో చాప్‌స్టిక్ పుల్లలు పట్టుకుని అన్నం తినడానికి తంటాలు పడుతున్నాడు. ముల్లంగి ముక్క మళ్ళీ మళ్ళీ జారిపోతోంది. ఆమెను చూసి నవ్వబోయాడు.

"మీ లెక్క తప్పలేదు మేడమ్. ఇక అందరూ నమ్ముతారులెండి."