బాలవాటికలో గాలి

హేమంతము ప్రవేశించి పార్వతీపురము చుట్టునుగల గిరిశిఖరములు ప్రాతస్తుహినావరణమున మునిగి సూర్యోదయానంతరమును చాలసేపటివఱకు కంటికి గానరాక యుండ, వీథిదీపములు మంచులో మసకబాఱి వెలుగుచుండ, కంబళ్లు కప్పుకొనిన పాలవాండ్రు నోటినుండి యావిరులు వెడలించుచు సైకిళ్లపై పోవుచుండ, మేదరవీథి చివరనున్న యొక పెంకుటింటి ముందుగది మాత్రము తలుపులు కిటికీలు బిగించుకొని శిశుకలకలముతో వెచ్చగా నుండెను. అది హైమవతి నడుపు బాలవాటిక.

హైమవతి భర్తృవియోగానంతరము తన యింటి ముందుగదినే బడిగా మార్చి యా వాడలోని పనిపాటలవారి బిడ్డలను చేరదీసి యక్షరములు నేర్పుచు నన్నము పెట్టుచు మధ్యాహ్నము నిదురపుచ్చుచు వచ్చెను. శుచిత్వమన్న నామెకు ప్రాణము. నేలపై మెతుకు కనబడిన నోర్వదు. మార్గశిరము రాగానే శీతవాతము సోకరాదని కిటికీసందులలో పాతగుడ్డలు క్రుక్కెను. శుభప్రదమని ప్రతిదినము సాంబ్రాణి ధూపము వేసెను. దోమలు కుట్టరాదని నిద్రాసమయమున కాయిలు వెలిగించెను. గదిమూలనే కట్టెపొయ్యిపై పప్పన్నము వండెను. పసివారు సంతసింతురని గోడలపై నెమళ్లను నేనుగులను క్రొత్తగా రంగులతో వ్రాయించి కిటికీరెక్కలకును రంగు పూయించెను. ఇన్నియు ప్రేమచే చేసినవే. ఆ ప్రేమయంతయు పొగయై రంగువాసనయై వెలికిపోవు దారిలేక గదిలోనే నిలిచియుండెననియు దానినే శిశువులు దినమెల్ల పీల్చుచుండిరనియు నామె యెఱుగదు.

బస్సుస్టాండుకడ పూలమ్ముకొను పైడితల్లికి మోక్షిత యను నాలుగేండ్ల కూతురు గలదు. ఒక సాయంత్రము బిడ్డను తీసికొనిపోవ వచ్చిన పైడితల్లి గడపకడ నిలిచి చాలసేపు తటపటాయించి పిమ్మట నిట్లనెను.

"టీచరుగారూ, ఆదివారం ఇంటికాడుంటే మా పిల్లకి దగ్గుండదండి. సోమారం ఇక్కడికొచ్చిందంటే సాయంత్రానికి పిల్లికూతలు మొదలైపోతాయి. ఏటో మరి, నాకు తెల్దు."

హైమవతి ముఖము వివర్ణమయ్యెను. "చలికాలంలో పిల్లలకు దగ్గు రాదా పైడితల్లీ? నా బడిలో ఎక్కడైనా దుమ్ము కనబడిందా నీకు? ఇంట్లో చన్నీళ్లు తాగిస్తున్నావేమో, అది చూసుకో."

పైడితల్లి బిడ్డను చంకనెత్తుకొని వెడలిపోయెను.

ఆ వారముననే మధ్యాహ్నభోజనానంతరము శిశువులెల్లరు చాపలపై నిదురించుచుండ మోక్షిత యొక్కతె దిగ్గున లేచి కూర్చుండెను. ఏడ్చుటకు నోరు తెఱచెనేగాని శబ్దము రాలేదు. పెదవులు నీలివర్ణము దాల్చెను. ప్రక్కటెముకలమధ్య చర్మము ప్రతి శ్వాసకును లోనికి క్రుంగుచుండెను. హైమవతి యా బిడ్డను ఱొమ్మున కదుముకొని, తక్కిన పిల్లలను చూచుచుండుమని పొరుగింటి యిల్లాలిని బతిమాలి, కాళ్లకు చెప్పులైన తొడుగుకొనక పరుగెత్తి యాటో నెక్కి డాక్టరు సన్యాసిరావుగారి యాసుపత్రికి చేరెను.

అచట ముఖమునకు తొడిగిన గొట్టమునుండి మందుతో కూడిన యావిరి లోనికి పోవ పోవ నా బిడ్డ పెదవులకు మెల్లగా నెఱుపు తిరిగివచ్చెను. అంతవఱకు తానును ఊపిరి బిగబట్టియుండిన హైమవతి యప్పుడు దానిని విడిచెను.

"మీ గదిలో ఏమేం కాలుస్తారమ్మా?" అని డాక్టరు ప్రశ్నించెను.

ఆమె యొక్కొక్కటిగా చెప్పెను. గోడలకు వేయించిన క్రొత్తరంగు మాటయు దాచలేదు.

"కిటికీలు?"

"మూసే ఉంచుతామండి. చలి కదా."

"చిన్నపిల్లలు మనకంటే వేగంగా ఊపిరి తీస్తారు. లోపల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. ఆ పొగా, రంగువాసనా, అందరూ వదిలిన గాలీ గదిలోనే తిరుగుతుంటే ఈ పిల్లే కాదు, మిగతావాళ్లూ జబ్బుపడతారు. మందు నేను రాస్తాను. గాలి సంగతి మీరు చూడండి."

అంతలో కబురందిన పైడితల్లి పూలబుట్ట నెచటనో విడిచి వగర్చుచు వచ్చెను. తిట్టునని హైమవతి తలవంచుకొని నిలిచెను. ఆమె తిట్టలేదు. కూతును తన కొంగున చుట్టుకొని యటు తిరిగి కూర్చుండెను. తిట్టియుండిన బాగుండెడిదని హైమవతికి తోచెను.

మఱునాడు బడికి సెలవు ప్రకటించి హైమవతి యొంటరిగా గదిలోనికి పోయి మోక్షిత పండుకొనెడి చాపపై మేను వాల్చెను. రాత్రియంతయు మూసియుండిన గదిలో నిన్నటి పొగవాసనయు రంగువాసనయు కలిసి కొంతసేపటికే కన్నులు మండెను, కణతలు అదరెను. ఆమె లేచి కిటికీసందుల గుడ్డలన్నియు పెఱికివేసెను. క్రొత్తరంగు పట్టి బిగిసిన కిటికీరెక్కలు రాకపోగా కూరలకత్తితో నంచులవెంట గీచి భుజముతో త్రోసి తెఱచెను. పొయ్యిని పెరటివసారాకు మార్చెను. సాంబ్రాణియు కాయిలును మానివేసి కిటికీలకు దోమతెరలు కొట్టించెను. లారీలు వీథిని దుమ్ము రేపు వేళలందు ముందువైపు మూసి పెరటివైపు తెఱచియుంచుట యలవఱచుకొనెను.

తల్లిదండ్రులలో కొందఱు చలిగాలికి బిడ్డలను బలిపెట్టుచున్నదని నిందించి మాన్పించిరి. వారిలో సగమువంతు మరల వచ్చిరి, తక్కినవారు రాలేదు. హైమవతికి బాధ కలిగినను కిటికీ మూయలేదు.

మోక్షితయును రాలేదు. హైమవతి వెదకుకొనుచు బస్సుస్టాండునకు పోయి, కదలుచున్న బస్సుల నల్లనిపొగలో పూలబుట్టప్రక్కన కూర్చుండి దగ్గుచున్న యా బిడ్డను చూచెను.

"పైడితల్లీ, ఆరోజు నువ్వు చెప్పిందే నిజం. నేను వినలేదు. ఒక్కసారి వచ్చి గది చూడు. నీకు నచ్చితేనే పంపు."

పైడితల్లి దండ గుచ్చుట యాపలేదు. అయినను మఱునాడుదయమున కూతుచేయి పట్టుకొని వచ్చి గదినడుమ నిలువబడి నలుదిక్కులు చూచి దీర్ఘముగా నూపిరి పీల్చెను.

"చలేస్తందండి" అనెను.

"అవును. రేపట్నించి స్వెట్టరు తొడిగి పంపు."

పైడితల్లి యించుక నవ్వి బిడ్డచేతిని హైమవతి చేతికందించి వెడలిపోయెను.

ఆ మధ్యాహ్నము శిశువులు కంబళ్లలో ముడుచుకొని నిద్రించుచుండ హైమవతి మోక్షిత ప్రక్కన కూర్చుండి చెవియొగ్గెను. ఏ పిల్లికూతయు వినబడలేదు. ఆ నిశ్శబ్దమామెకు క్రొత్తదగుటచే భయము పుట్టి వంగి తన యరచేతిని బిడ్డ ముక్కుకడ నుంచెను. పెరటికిటికీనుండి వచ్చుచున్న చల్లని గాలిలో నొక సన్నని వెచ్చని శ్వాస తాకి తొలగి మరల తాకెను. ఆమె చేయి తీయక చాలసేపు అట్లే కూర్చుండెను.